మైనార్‌స్కీ కథ మా పిల్లలకు ఇంటి భాషలో అందేలా చూడండి

గౌరవనీయులైన కెనడా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేయడానికి వాడిన బ్రిటిష్ లాంకాస్టర్ విమానాల్లో నేటికీ ఎగరగలిగినవి ప్రపంచం మొత్తం మీద రెండే మిగిలాయి. వాటిలో ఒకటి మా ఊరు హామిల్టన్‌లోని మ్యూజియంలో ఉంది. దానికి కెనడా వైమానికుడు ఆండ్రూ మైనార్‌స్కీ పేరు ఎందుకు పెట్టారని మా అమ్మాయి అడిగినప్పుడు, ఆ కథను ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పడానికి నాకు ఒక్క పుస్తకమూ దొరకలేదు.

1944 జూన్ 12 రాత్రి ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డుల మీద దాడికి బయలుదేరిన కెనడా వైమానిక దళపు 419వ స్క్వాడ్రన్ (దళం) లాంకాస్టర్‌ను జర్మన్ యుద్ధవిమానం కాల్చింది. ఎడమవైపు ఇంజన్లు రెండూ ఆగిపోయి మంటలు లేవడంతో కెప్టెన్ అందరినీ ప్యారాచూట్‌తో దూకమని ఆదేశించాడు. ఆ విమానంలోనే ఉన్న మైనార్‌స్కీ దూకడానికి తలుపు దాకా వచ్చాడు. అప్పుడు ఆయనకు, తోక టరెట్‌లో (తుపాకులు అమర్చిన తిరిగే గదిలో) చిక్కుకుపోయిన గన్నర్ ప్యాట్ బ్రోఫీ కనిపించాడు. ఆయన మంటల్లోంచి పాకుతూ వెళ్లి, మొదట గొడ్డలితోనూ తరువాత ఉత్త చేతులతోనూ ఆ టరెట్‌ను కదల్చడానికి ప్రయత్నించాడు. ఒంటిమీది బట్టలు అంటుకున్నా ఆపలేదు. ఇక లాభం లేదు, వెళ్లిపొమ్మని బ్రోఫీయే చేయి ఊపాడు. మైనార్‌స్కీ తలుపు దగ్గరికి తిరిగి వెళ్లి, మండుతున్న బట్టలతోనే నిటారుగా నిలబడి, మిత్రుడికి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో మరణించేనాటికి ఆయన వయసు 27 ఏళ్లు.

విమానం కూలినప్పుడు బ్రోఫీ బయటికి విసిరివేయబడి బతికి బయటపడ్డాడు. ఆయన చెప్పిన సాక్ష్యం వల్లనే 1946లో మైనార్‌స్కీకి మరణానంతరం, యుద్ధంలో ధైర్యసాహసాలకు ఇచ్చే అత్యున్నత బ్రిటిష్ పతకమైన విక్టోరియా క్రాస్ లభించింది. బ్రోఫీ కూడా చనిపోయి ఉంటే ఆ సెల్యూట్ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. బాంబు దాడులు జరిపిన బ్రిటిష్ వైమానిక విభాగం బాంబర్ కమాండ్‌లో ప్రాణాలు కోల్పోయిన 55 వేలకు పైగా వైమానికుల్లో దాదాపు పదివేల మంది కెనడా వారు. సాక్షి మిగలని విమానాల్లో ఎవరు ఎవరికోసం ఆగారో మనకు ఎన్నటికీ తెలియదు. అందుకే తెలిసిన కథనైనా జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆ బాంబర్ల కింద నలిగిన నగరాల ప్రజల బాధను కూడా దాచకుండా చెప్పాలి.

మైనార్‌స్కీ తల్లిదండ్రులు పోలండ్ నుంచి కెనడాలోని విన్నిపెగ్ నగరానికి వలస వచ్చినవారు. తండ్రి పోయాక ఇల్లు గడవడానికి ఆయన తోలు పని చేశాడు. మాలాంటి వలస కుటుంబాల పిల్లలకు ఇది పరాయి కథ కాదు. కాబట్టి నవంబరు 11 స్మారక దినం కోసం మీ శాఖ సిద్ధం చేసే పాఠాలను పంజాబీ, తగాలోగ్, తెలుగు వంటి ఇంటి భాషల్లో కూడా ప్రచురించాలని కోరుతున్నాను. తెలుగు అనువాదంలో నాకు చేతనైన భాగాన్ని ప్రతిఫలం లేకుండా చేసి ఇస్తాను.

భవదీయుడు,
హామిల్టన్‌లో నివసించే ఒక తెలుగు తండ్రి