పొలం కొలతల టిప్పన్ చదవడం ఏ సెమిస్టర్‌లో నేర్పుతున్నాం?

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో కొత్త భూరికార్డుల చట్టం భూభారతి వచ్చాక లైసెన్స్‌డ్ సర్వేయర్ల గురించి మీ పత్రికలో వరుసగా వార్తలు చూస్తున్నాను. రిజిస్ట్రేషన్‌కు నక్షా (భూమి పటం) జతచేయాలంటే ఉన్న ప్రభుత్వ సర్వేయర్లు చాలరు. అందుకే వేల మందికి 50 రోజుల శిక్షణ ఇచ్చి లైసెన్సులిచ్చే పని పెట్టుకున్నారు. మంచిదే. కానీ ఆ శిక్షణకు సివిల్ డిప్లొమా, బీటెక్ చదివినవాళ్లు కూడా వస్తున్నారు. కాలేజీలో సర్వేయింగ్ చదివి, ప్రాక్టికల్స్ చేసి, పరీక్ష పాసైన పిల్లలకు భూమి కొలవడం మళ్లీ నేర్పాల్సి వస్తోందంటే తప్పు వాళ్లది కాదు. మనం చెబుతున్న చదువులోనే ఏదో తక్కువైంది. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు సివిల్ పాఠాలు చెప్పినవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కాలేజీలో సర్వే అంటే గొలుసు, క్రాస్ స్టాఫ్, ప్లేన్ టేబుల్, డంపీ లెవెల్, థియోడొలైట్. అదృష్టం బాగుంటే దూరాలు, కోణాలు ఎలక్ట్రానిక్‌గా కొలిచే టోటల్ స్టేషన్. అరవై మంది ఉన్న సెక్షన్‌కు అదీ ఒకటే ఉంటే, ముట్టుకున్నవాళ్లకంటే చూసినవాళ్లే ఎక్కువ. ఆవరణలో మేకులు కొట్టి ట్రావర్స్ వేయిస్తాం, లెవెల్ బుక్ రాయిస్తాం. రోడ్డుకు, కాలువకు, బిల్డింగ్ మార్కింగ్‌కు ఇది చాలు. గెట్టు పంచాయితీకి చాలదు. అక్కడ గొలుసు పట్టేముందు రికార్డు చదవడం రావాలి.

నిజాం కాలపు సర్వేలో సర్వే నంబరుకో టిప్పన్ గీశారు. స్కేలు ప్రకారం గీసిన పటం కాదు, కొలతలు వేసిన చేతిగీత. మధ్యలో బేస్‌లైన్ అనే ఆధార రేఖ, దానికి అటూ ఇటూ ఆఫ్‌సెట్లు, అంటే అడ్డకొలతలు. కొలతలన్నీ గొలుసుల్లో, ఆనాల్లో ఉంటాయి. 33 అడుగుల గొలుసుకు 16 ఆనాలు, గొలుసు పొడవు గొలుసు వెడల్పు ఉంటే ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. ఎకరానికి 40 గుంటలని ఊళ్లో అందరికీ తెలుసు. టిప్పన్ మీది ఆనాలను మీటర్లలోకి మార్చి, గ్రామ నక్షాతో సరిచూసి, ముళ్లపొదలో పూడిపోయిన హద్దురాయిని వెతికి పట్టడం మాత్రం ఎవరో దగ్గరుండి నేర్పితేనే వస్తుంది. సేత్వార్‌లో (తొలి సర్వే నాటి మూల రికార్డు) ఒక విస్తీర్ణం, పహాణీలో (ఏటా రాసే సాగు రికార్డు) మరొకటి ఉంటే ఏం చేయాలి? పక్క పట్టాదారులకు నోటీసు ఎలా ఇవ్వాలి, పంచనామా ఎలా రాయాలి? నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ వీటికి సిలబస్‌లో చోటు లేదు. పైగా రాష్ట్రంలో అసలు నక్షాలే లేని గ్రామాలు 400కు పైగా ఉన్నాయి.

ఉపగ్రహ సిగ్నళ్లతో చోటు చెప్పే రోవర్లు వచ్చాయి కదా, ఇంకా ఈ పాత కాగితాలెందుకని అడిగేవాళ్లున్నారు. రోవర్ మనం నిలబడ్డ చోటును రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో చెబుతుంది, నిజమే. అది హద్దు అవునో కాదో చెప్పదు. చెట్ల కింద సిగ్నల్ సరిగా అందక తెరమీద ‘ఫిక్స్’ (కచ్చితమైన లెక్క) పోయి ‘ఫ్లోట్’ (ఉజ్జాయింపు లెక్క) వస్తే తేడా అడుగుల్లోకి పోతుంది. అది గమనించకుండా పాయింట్లు తీసుకుంటూ పోయేవాళ్లూ ఉంటారు. అన్నీ సరిగా చేసినా, ఎన్నో ఏళ్ల కిందట గొలుసు లాగి రాసిన కొలతకు, ఇప్పటి కొలతకు తేడా రాకమానదు. ఆ తేడాను ఎవరి పొలంలోంచి తీయాలి? ఒక్క సర్వే నంబరు చూసి తేల్చే విషయం కాదిది. చుట్టూ ఉన్న నంబర్లన్నీ కొలిచి చూడాలి.

పక్క రాష్ట్రం అనుభవం మన కళ్లముందే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాల కోసం 11 వేలకు పైగా గ్రామ సర్వేయర్ పోస్టులు ప్రకటించారు. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు అన్నీ వచ్చాయి. తర్వాత విస్తీర్ణం తగ్గిందని, ఇద్దరు ముగ్గురు రైతులను కలిపి జాయింట్ ఎల్‌పీఎం (ఉమ్మడి భూకమత పటం) వేశారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తొందరపాటు ఎంత కారణమో, కొత్తవాళ్లకు తగినంత తర్ఫీదు లేకపోవడమూ అంతే కారణమని నా అభిప్రాయం.

సర్వేకు విడిగా మూడేళ్ల డిప్లొమా పెట్టాలని కొందరు మిత్రులంటున్నారు. నేను ఒప్పుకోను. సర్వేయర్ ఉద్యోగాల నోటిఫికేషన్ పడని ఏడాది ఆ పిల్లలు ఎక్కడికి పోతారు? సివిల్ డిప్లొమా ఉంటే సైటులో పని దొరుకుతుంది, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆ దారి మూయొద్దు. (దక్షిణాదిలో ఇంజనీరింగ్ చదువు మొదలైందే సర్వేతో. 1794లో మద్రాసులో పెట్టిన సర్వే స్కూలే తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఇప్పుడు సివిల్‌లో సర్వే ఏదో మూలన పడి ఉన్న సబ్జెక్టు.)

చివరి ఏడాదిలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఇప్పటికే ఉంది. చాలామంది పిల్లలు ఏదో ఒక బిల్డర్ సైటులో సంతకాలు పెట్టి వస్తున్నారు. ఇష్టమున్నవాళ్లను ఆ ఆరు నెలలూ మండల సర్వేయర్ వెంట పంపండి. దానికి ముందు సెమిస్టర్‌లో భూరికార్డుల మీద ఒక పేపర్ పెట్టండి. పాఠాలు తయారుచేయడానికి గచ్చిబౌలిలో సర్వే శాఖ శిక్షణ సంస్థ ఉంది, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి జాతీయ సంస్థ ఉంది. చెప్పడానికి రిటైరైన సర్వేయర్లు జిల్లా జిల్లాకూ ఉన్నారు, పిలిస్తే వస్తారు. అలా చదివి వచ్చినవాళ్లకు లైసెన్స్ శిక్షణ కాలం తగ్గించవచ్చు.

ఇదంతా జరగాలంటే సాంకేతిక విద్యామండలి ఈసారి సిలబస్ సవరించేటప్పుడు కమిటీలో సర్వే శాఖ నుంచి, అదీ పొలాల్లో తిరిగిన అనుభవం ఉన్నవాళ్లు, కనీసం ఇద్దరు ఉండాలి.

ఇట్లు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
హనుమకొండ