ఆ ల్యాబ్ మేడమ్‌కి, ఇంకా చాలామందికి థాంక్స్

తమ్ముడు ఈరోజు పెరుగన్నం తిన్నాడు. మంట లేదన్నాడు. ఇంకో ముద్ద అడిగాడు. నాకు సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి, ఇప్పుడు రాయకపోతే మళ్లీ ఇలా రాయలేనేమో అని రాస్తున్నాను.

వాడికి హెచ్‌ఐవీ ఉంది. ఇది అందరికీ తెలిసేలా రాయమన్నది వాడే, పేరు మాత్రం వద్దన్నాడు. పనిమీద ఊళ్లు తిరగడంలో మధ్యలో మందులు ఆగిపోయి సీడీ4 కౌంట్, అంటే జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క, వంద లోపుకి పడిపోయింది. మళ్లీ మందులు మొదలుపెట్టాడు కానీ నోట్లో తెల్లపూత వదల్లేదు. గీస్తే మీగడలా ఊడొచ్చేది, కింద ఎర్రగా పుండు. తర్వాత గొంతులోకి దిగింది. మంచినీళ్లు మింగినా ఛాతీ మధ్యలో నొప్పి. చివరికి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్ర కూడా మింగలేకపోయాడు. దాన్ని మించిన భయం మాకు ఇంకేముంటుంది? ప్రాణం నిలబెట్టే మాత్రే లోపలికి పోవట్లేదు.

ఇంక ఆ మేడమ్ గురించి. గుంటూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తారు. మీరు పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు మేడమ్, కానీ చదివితే మీకు తెలుస్తుంది.

అప్పటిదాకా వాడి నోరు చూసినవాళ్లందరూ దూరం నుంచి టార్చి కొట్టి చూసినవాళ్లే. ఈవిడ కూడా గ్లౌజులు వేసుకున్నారు, వేసుకోవాలి కూడా, కానీ ఒక చేత్తో వాడి గడ్డం పట్టుకుని "కొంచెం మంట పుడుతుంది నాన్నా, ఒక్క నిమిషం ఓర్చుకో" అన్నారు. వాణ్ణి బయటివాళ్లెవరైనా నాన్నా అని పిలిచి ఎంతకాలమైందో. నోట్లోంచి తీసినదాన్ని ప్లేట్లలో పెంచి, అది ఏ ఫంగసో, ఏ మందుకి లొంగుతుందో చూస్తారు, దాన్నే కల్చర్ అంటారు. ఆ రిపోర్ట్‌కి టైమ్ పడుతుందన్నారు, మధ్యలో ఆదివారం వచ్చింది, ఆవిడకి సెలవు. అయినా వచ్చారు. ప్లేట్లు చూసి, డాక్టర్‌గారికి ఆవిడే ఫోన్ చేసి చెప్పి, మమ్మల్ని రమ్మన్నారు.

వచ్చాక రిపోర్ట్ చేతిలో పెట్టి పంపేయొచ్చు. పంపలేదు. అద్దం అవతల నుంచి, మూత తీయకుండా, ఆ ప్లేట్లు వాడికి చూపించారు. "ఈ ఆకుపచ్చవి కాండిడా ఆల్బికన్స్, నీ నోట్లోంచి తీసినవే. ఈ గులాబీ రంగువి క్రూసై అనే ఇంకో రకం ఫంగస్, వీటికి నువ్విన్నాళ్లు మింగిన ఫ్లూకోనజోల్ పుట్టుకతోనే పనిచేయదు. ఆకుపచ్చవాటికి పనిచేయాలి, కానీ చూడు, ఆ మందు అద్దిన చిన్న కాగితం బిళ్ల పక్కదాకా ఎలా పెరిగాయో. ఇదిగో, ఇది వోరికోనజోల్ బిళ్ల. దీని చుట్టూ ఖాళీగా ఉంది కదా, దీని దగ్గర పెరగలేకపోతున్నాయి" అని వేలు పెట్టి చూపించారు. తమ్ముడు తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు. వాడికి అర్థమయ్యేదాకా చెప్పారు.

అప్పటివరకు వాడు హెచ్‌ఐవీ మందులు తనకి పనిచేయడం మానేశాయని, ఇక అయిపోయిందని, నామీద డబ్బులు తగలేయకండని అంటున్నాడు. ఆ ప్లేటు చూశాక "అయితే నాకు మందుందా మేడమ్?" అని అడిగాడు. "ఉంది నాన్నా" అన్నారు. నేను బయటికెళ్లి వరండాలో కూర్చుని ఏడ్చాను. అన్నాళ్లూ ఏడవలేదు నేను.

నాన్న గేదెని అమ్మి మందులు కొన్నారు, అమ్మ వాడి పక్కనే నేలమీద పడుకుంది, మా ఆయన సెలవులు పెట్టారు. ఇంట్లోవాళ్లకి థాంక్స్ ఏం చెప్తాం.

కానీ ఒక్కటి అడగాలి. ఆ టెస్ట్ ముందే ఎందుకు చేయించలేదు ఎవరూ? వెళ్లినచోటల్లా మళ్లీ అదే ఫ్లూకోనజోల్ రాశారు. ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే పూత వచ్చినప్పుడల్లా 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇచ్చేవాడు, తగ్గేది, మళ్లీ వచ్చేది. నోటివరకే ఉంటే 7 నుంచి 14 రోజులు, అన్నవాహికలోకి దిగితే 14 నుంచి 21 రోజులు రోజూ వాడాల్సిన మందట అది. అలా అరకొరగా పడితే లొంగేవి తగ్గి మొండివి మిగులుతాయని, లోపలికి వచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోసేసే రకాలు కూడా ఉంటాయని మేడమ్ చెప్పారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన ఫంగస్‌ల లిస్టు వేస్తే పై వరసలోనే ఈ ఆల్బికన్స్ ఉంది. అయినా మా దగ్గర కల్చర్ అనే మాట ఎవరి నోటా రాలేదు.

ఇంకో ప్రైవేటు ఆసుపత్రిలో ఫైలు మీద ఎర్ర ఇంకుతో హెచ్‌ఐవీ అని అందరికీ కనిపించేలా రాసి, ఎండోస్కోపీకి అందరూ అయ్యాక చివర్లో చేస్తామని కూర్చోబెట్టారు. నీళ్లు మింగలేని మనిషిని. వివక్ష చూపకూడదని, ఎవరి స్టేటస్ బయటపెట్టకూడదని 2017లోనే చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, అవి లేకపోతే మా తమ్ముడు లేడు, కాదనను. కానీ ఆ మాత్రని గొంతు దిగనివ్వని ఫంగస్‌కి మందు మాత్రం మమ్మల్ని బయట కొనుక్కోమన్నారు. గేదె లేనివాళ్లు ఏం అమ్మాలి?

కల్చర్ రాసిన డాక్టర్‌గారికి కూడా థాంక్స్. ముందు టీబీ మందులేమైనా వాడుతున్నాడా అని గుచ్చిగుచ్చి అడిగారు, వాటిలో రిఫాంపిసిన్ ఉంటే వోరికోనజోల్ వాడకూడదట. వాడు మందులకి రాకుండా ఆగిపోయినప్పుడు ఇంటికి వెతుక్కుంటూ వచ్చిన ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్‌గారికి, ఆవిడ రాకపోతే వాడు మళ్లీ మొదలుపెట్టేవాడే కాదు.

అయ్యో, మెడికల్ షాపు బాబు! స్టాక్ లేదంటే విజయవాడ నుంచి బస్సు పార్సిల్‌లో రాత్రికి రాత్రి తెప్పించాడు. పక్క బెడ్ పెద్దాయన భార్య, మా అమ్మకి కూడా కలిపి క్యారేజీ తెచ్చేవారు. రాగిజావ వడకట్టి, చల్లార్చి ఇచ్చిన క్యాంటీన్ అన్నకి. వెయిటింగ్ చార్జీ తీసుకోని ఆటో ఆయనకి. ఇంకా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి అర్ధరాత్రి ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడిన అమ్మాయికి, పేరు అడగడం మర్చిపోయాను తల్లీ, థాంక్స్.