ప్రార్థనలో పాప పడిపోవడం గురించి, కాలి పిక్కల గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న మంగళవారం ప్రార్థన జరుగుతుండగా మా ఎనిమిదో తరగతి పాప ఒకరు కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి మీకు తెలుసు. జరిగినదానికన్నా ఎక్కువే తెలిసిపోయింది. ఫిట్స్ అని ఒకరు, గుండె జబ్బు అని ఒకరు, దిష్టి అని మరొకరు వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా రాశారు. పాప క్షేమంగా ఉంది. అర నిమిషంలో లేచి కూర్చుంది, డాక్టరు గారు చూసి భయం లేదన్నారు, మర్నాడే బడికి వచ్చింది. గేటు బయట నుంచి ఫోన్‌లో వీడియో తీసిన వారికి నా మనవి ఒక్కటే: దాన్ని తీసేయండి. ఆ పిల్ల రేపు ఇదే వరండాలో నడవాలి.

మా తప్పు ముందు చెబుతాను. ఆగస్టు 15 రిహార్సల్ పేరుతో ఆ రోజు పిల్లల్ని నలభై నిమిషాలు అటెన్షన్‌లో నిలబెట్టాం. అంతసేపు నిలబెట్టకూడదు. ఇకపై ప్రార్థన పదిహేను నిమిషాలు దాటదు, మధ్యలో పిల్లలు కాళ్ళు కదుపుతారు.

కాళ్ళు కదపడం ఎందుకో చెప్పాలి. గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్ళేవి ధమనులు, తిరిగి గుండెకు చేర్చేవి సిరలు. మనం వాడుకలో సిరల్ని కూడా నరాలే అంటాం. సెలైన్ పెట్టేటప్పుడు 'నరం దొరకలేదు' అంటారే, అది నరం కాదు, సిర. ధమనుల్లో రక్తాన్ని గుండె గట్టిగా నెడుతుంది. కాలి వేళ్ళ దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆ ఊపు దాదాపు అయిపోతుంది. అక్కడి నుంచి గుండె దాకా ఎదురెక్కాలి. కదలకుండా నిలబడితే పెద్దవాళ్ళలో అర లీటరుకు పైగా రక్తం నడుము కిందికి దిగి సిరల్లో నిలిచిపోతుంది. దానికి ఎండ, ఉక్కపోత, ఖాళీ కడుపు, తాగని నీళ్ళు తోడైతే మెదడుకు అందే రక్తం కాసేపు తగ్గుతుంది, మనిషి పడిపోతాడు. పడుకోగానే గుండె, తల, కాళ్ళు ఒకే ఎత్తులోకి వస్తాయి కాబట్టి తెలివి వస్తుంది. అందుకే పడిపోయినవాళ్ళని లేపి కూర్చోబెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, చుట్టూ మూగడం, తెలివి రాకముందే నోట్లో నీళ్ళు పోయడం వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఒక నిమిషంలో తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి.

ఆ రోజు ఈ పని చేసింది టీచర్లు కాదు, పక్క వరుసలోని తొమ్మిదో తరగతి బాబు. మేం పరుగెత్తుకొచ్చేసరికి పాపను పడుకోబెట్టి, తన బ్యాగు ఆమె మడమల కింద పెట్టి, 'గాలి రానివ్వండి' అని అందర్నీ దూరం జరుపుతున్నాడు. 'ఎవరు చెప్పారు నాన్నా' అని అడిగితే, 'ప్రసరణ పాఠంలో ఉందిగా మేడమ్, రక్తం కాళ్ళల్లో ఉండిపోయింది' అన్నాడు. పాఠం మార్కుల కోసం కాకుండా మనిషి కోసం గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నాకు ఇంతకన్నా సంతోషం దొరకలేదు.

మర్నాడు అదే క్లాసులో ఇంకొక ముచ్చట. మా ఆయమ్మ చేతి మీద సిరలు స్పష్టంగా తేలి ఉంటాయి. ఆమెను అడిగి, మోచేతికి పైన తువ్వాలు మరీ బిగించకుండా కట్టారు. సిరలు ఉబ్బాయి. ఇద్దరు అమ్మాయిలు ఒక సిర మీద మణికట్టు వైపు వేలు నొక్కి ఉంచి, రెండో వేలితో మోచేతి వైపు తుడిచారు. సిర అణిగిపోయింది. పైవేలు తీసేసినా ఖాళీగానే ఉంది, పైనుంచి రక్తం కిందికి రాలేదు. కిందివేలు ఎత్తగానే కింది నుంచి బుస్సున నిండింది. ఆయమ్మ తన చేతిని తానే కొత్తగా చూసుకుంది. ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే 1628లో అచ్చువేసిన పుస్తకంలో చూపించిన ప్రయోగం ఇదే. సిరల్లోని కవాటాల గురించి ఆయన గురువు ఫాబ్రిషియస్ 1603లోనే రాశారు. అవి గుండె వైపే ఎందుకు తెరుచుకుంటాయో తేల్చి, రక్తం ఒకే దిశలో తిరుగుతుందని నిరూపించింది శిష్యుడు.

కవాటం అంటే ఏమిటని అడిగితే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, 'మా బావి మోటారు ఫుట్ వాల్వ్ మేడమ్. నీళ్ళు పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. అది పాడైతే పైపు ఖాళీ అయిపోతుంది, మా నాన్న మళ్ళీ నీళ్ళు పోసి మోటారు వేస్తాడు' అన్నాడు. లెక్కల్లో వెనకబడ్డాడని మీరంతా అనే పిల్లవాడే. కాళ్ళ సిరల్లో ఇలాంటివి ఒకదానిపై ఒకటి ఉంటాయి. అవి సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి, వెరికోస్ వెయిన్స్ అంటారు. గంటలకొద్దీ నిలబడే మా టీచర్లకు, బస్సు కండక్టర్లకు అది తెలియని బాధ కాదు. నా పిక్కల్లోనూ ఉంది.

మరి మోటారు ఏది? పిక్కలే. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి సిరను పిండుతుంది, రక్తం పైకి ఎగబాకుతుంది, కవాటం మూసుకుంటుంది. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. ఇది తెలిసి కూడా పదో తరగతి తల్లిదండ్రులు పీటీ పీరియడ్ తీసి లెక్కలు పెట్టమని సంతకాలు సేకరించి తెచ్చారు. నేను ఒప్పుకోను. ఉదయం నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద, ఆ తర్వాత ట్యూషన్లో, ఆ తర్వాత ఫోన్ ముందు కూర్చునే పిల్లలకు ఆ నలభై నిమిషాలైనా పరుగు ఉండాలి. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం పీటీ ఉంటుంది, ఆటస్థలంలో ఉంటుంది, పరీక్షల నెలలో కూడా ఉంటుంది.

ఇంటి సంగతులు మీకు తెలియవని కాదు. అయినా టిఫిన్ లేకుండా టీ బిస్కెట్‌తో పంపితే పదిన్నరకు మా స్టాఫ్‌రూమ్ అరటిపళ్ళు చాలడం లేదు. నీళ్ళ సీసా నిండుగా వచ్చి నిండుగానే వెళ్తోంది. సాయంత్రం ఒకసారి దాన్ని ఎత్తి చూడండి. రెండు వీధుల దూరానికి కూడా బండి మీద దింపుతున్న నాన్నలకు సవినయంగా చెబుతున్నాను, పిల్లలకు కాళ్ళున్నాయి. బాత్రూమ్‌కు వెళ్ళాల్సి వస్తుందని ఆడపిల్లలు నీళ్ళు మానేస్తున్నారని తెలిసింది. అది మేం సరిచేయాల్సింది. కొత్త తలుపులు, గడియలు ఈ వారమే పెట్టించాం.

మిగతావి: యూనిట్ టెస్ట్ మార్కులు సోమవారం ఇస్తాం, బస్సు ఫీజు పదో తేదీలోపు కట్టండి, వినాయక చవితి సెలవు మామూలే.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి తల్లిదండ్రుల సమావేశం. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ చేతి ప్రయోగం చేసి చూపిస్తారు. అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యల్ని తప్పక తీసుకురండి. వాళ్ళ చేతుల మీద సిరలు బాగా కనిపిస్తాయి, పిల్లలు అడుగుతున్నారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు