మూడో దశకు ఏమైందో మాకూ చెప్పండి

కేంద్ర అంతరిక్ష శాఖ సహాయ మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ గారికి,

నమస్కారం. నేను సూళ్లూరుపేట దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టార్ని. పులికాట్ మీదుగా వెళ్తే షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, మాకు ఇరవై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. రాకెట్ లేచిన కాసేపటికి మా ఇంటి కిటికీ రెక్కలు దడదడలాడతాయి. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు గానీ మాకది అలవాటే.

2026 జనవరి 12న సంక్రాంతి సెలవులు కావడంతో పిల్లలు పదిమంది మా మేడ ఎక్కారు. 10 గంటల 18 నిమిషాలకు ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీ-సీ62 లేచింది. అరుపులు, ఈలలు, చప్పట్లు. మేడ మీద నుంచి మాకు కనబడేది మహా అయితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ రాకెట్ చక్కగానే వెళ్లింది. కిందికి దిగాక ఫోన్లో చూస్తే తెలిసింది, మూడో దశ (ఒకదాని తర్వాత ఒకటి మండే రాకెట్ భాగాల్లో మూడోది) చివర్లో దారి తప్పిందని. అందులో వెళ్లిన పదహారు ఉపగ్రహాల్లో ఒక్కటీ కక్ష్యకు చేరలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకటే ప్రశ్న వేసింది. "సార్, పోయిన మే నెలలో కూడా మూడో దశే కదా?"

నిజమే. 2025 మే 18 తెల్లవారుజామున వెళ్లిన పీఎస్ఎల్వీ-సీ61 కూడా మూడో దశలోనే దెబ్బతింది. మోటారు గదిలో ఒత్తిడి పడిపోయిందని ఇస్రో ఆ రోజే చెప్పింది. ఎందుకు పడిపోయిందో విచారణ కమిటీ తేల్చే ఉంటుంది. కానీ సీ62 ఎగిరే నాటికి కూడా ఆ నివేదిక ప్రజల ముందుకు రాలేదు. కుక్కర్లో ప్రెషర్ నిలవకపోతే గాస్కెట్ పోయిందా, విజిల్ దగ్గర కారుతోందా, మూతే సరిగ్గా పట్టలేదా అని మా ఇంట్లో ఒక్కొక్కటే చూస్తారు. పీఎస్ఎల్వీ మూడో దశ ఘన ఇంధనంతో నడుస్తుంది. ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆపడం, సరిచేయడం కుదరదు. లోపం ఏదైనా నేల మీద ఉండగానే పట్టుకోవాలి. ఎక్కడ వెతికారో, ఏం దొరికిందో తెలియకుండా ఆ అమ్మాయికి నేనేం చెప్పను?

రాకెట్ విఫలమైందని నింద వేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 1979లో ఎస్ఎల్వీ-3 రాకెట్ సముద్రంలో పడ్డప్పుడు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ విలేకరుల ముందుకు వచ్చి తప్పు తన మీద వేసుకున్న కథ మా స్కూల్ అసెంబ్లీలో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఈమధ్య కాలంలోనూ ఇస్రో తన తప్పుల్ని దాచుకోలేదు. 2021 ఆగస్టులో జీఎస్ఎల్వీ-ఎఫ్10 పోతే, హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గడానికి ఒక వాల్వు లీకే మూలమని వివరంగా ప్రకటించింది. 2022 ఆగస్టులో మొదటి ఎస్ఎస్ఎల్వీ పోయినప్పుడు, రెండో దశ విడిపోయే క్షణంలో పుట్టిన కంపనాలకు సెన్సర్లు తికమకపడ్డాయని చెప్పింది. ఆ రెంటినీ నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి పాఠంగా చెప్పాను. అలా చెప్పే సంస్థ ఇప్పుడెందుకు మౌనంగా ఉందన్నదే నా బాధ.

ఈ మౌనం మునుపటికంటే ఇప్పుడు ఎక్కువ ఖరీదైంది కూడా. సొంత రాకెట్లో సొంత ఉపగ్రహం పోతే అది ఇస్రో ఇంటి విషయం అని ఒకప్పుడు సరిపెట్టుకోవచ్చు. సీ62లో హైదరాబాద్ స్టార్టప్‌లు కట్టినవి ఉన్నాయి, విదేశాల నుంచి వచ్చినవీ ఉన్నాయి. పాతికమంది కుర్రాళ్లు నిద్ర మానుకుని చేసిన పెట్టె ఒక్క ఉదయంలో బూడిదైపోతే, దాన్ని ఎక్కించుకున్న రాకెట్ కిందటిసారి ఎందుకు పడిందో తెలుసుకునే హక్కు వాళ్లకు లేదా? రేపు ఇంకో స్టార్టప్ అదే రాకెట్లో టికెట్ కొనుక్కోవాలంటే ఏ ధైర్యంతో కొంటుంది? 2033 నాటికి మన అంతరిక్ష రంగాన్ని 44 బిలియన్ డాలర్లకు తీసుకెళ్తామని లక్ష్యం పెట్టుకున్నారు. కొనేవాడి నమ్మకం లేకుండా ఆ అంకె దగ్గరకు వెళ్లలేం.

ఇంకో సంగతి. ఇస్రో ఛైర్మన్, అంతరిక్ష శాఖ కార్యదర్శి, అంతరిక్ష కమిషన్ అధ్యక్షుడు ముగ్గురూ ఒక్కరే. ప్రైవేటు కంపెనీలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ కూడా ఆ శాఖ కిందే ఉంది. పరీక్ష రాసేవాడు, పేపర్ దిద్దేవాడు, హెడ్మాస్టరు ఒకే ఇంట్లో ఉంటే ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారో తమరికి చెప్పక్కర్లేదు. ఇన్‌స్పేస్ మనుషులు మంచివాళ్లే కావచ్చు, నేను వాళ్లను అనుమానించడం లేదు. ఏర్పాటే సరిగ్గా లేదంటున్నాను. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది, బాగుంది. కానీ విధానం చట్టం కాదు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017లోనే జనం ముందు పెట్టారు. అది ఇప్పటికీ చట్టం కాలేదు.

చట్టం ఎందుకంటారా? 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రైవేటు కంపెనీ చేసిన పనికి కూడా ఆ దేశ ప్రభుత్వమే జవాబుదారీ. 2023 జులైలో ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో జూరియన్ బే దగ్గర పెద్ద రాగి రంగు డ్రమ్ము లాంటిది ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది చాలావరకు మన పీఎస్ఎల్వీ మూడో దశ శకలమే అయ్యుంటుందని ఆ దేశ అంతరిక్ష సంస్థ తేల్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. రేపు ప్రైవేటు రాకెట్ ముక్క ఒకరి పడవ మీద పడితే పరిహారం కంపెనీ కట్టాలా, ఖజానా కట్టాలా? కంపెనీ ఎంతకు బీమా చేయించాలి? దీనికి పార్లమెంటు చేసిన జవాబు ఉండాలి గానీ, ఒక్కో కేసుకు ఒక్కో ఫైలు కాదు.

పడవ అన్నాను కాబట్టి మా జాలర్ల మాటా చెప్పాలి. ప్రయోగం ఉందంటే సముద్రంలోకి పోవద్దని కబురు వస్తుంది. ఏడాదికి ఐదారు ప్రయోగాలప్పుడు ఎవరూ పెద్దగా గొణగలేదు, దేశం పని కదా అనుకున్నారు. ప్రైవేటు రాకెట్లు కూడా వరసకట్టి, ప్రయోగాలు ముప్పయ్యో నలభయ్యో అయితే, వేట లేని రోజు కూలి ఎవరిస్తారు? షార్ కోసం దీవి ఖాళీ చేసి వచ్చిన యానాదుల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉన్నారు. దేశం కోసం ఒకసారి ఇచ్చారు. కంపెనీల లాభం కోసం మళ్లీ ఇమ్మంటే అది వేరే లెక్క. ఆ చట్టంలో తీరప్రాంత జాలర్ల పేరు మీద ఒక సెక్షన్ ఉండాలని నా విన్నపం.

ఇదంతా చదివి ఈ మాస్టారు ప్రైవేటుకు వ్యతిరేకి అనుకోకండి. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ షార్ నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లినప్పుడు మా క్లాసు క్లాసంతా ఎగిరి గంతేసింది. 2024 మే 30న చెన్నై అగ్నికుల్ తన సొంత ప్యాడ్ మీద నుంచి, త్రీడీ ప్రింటర్లో అచ్చుపోసిన ఇంజన్‌తో ఎగిరింది. అంతకుముందు నాలుగుసార్లు ఆఖరి నిమిషాల్లో ఆగిపోయినా వాళ్లు విసుక్కోలేదు. మా పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు "ఇస్రోలో చేరతా" అనడం మానేసి "రాకెట్ కంపెనీ పెడతా" అంటున్నారు. వింటుంటే ముచ్చటేస్తుంది.

ఈ కంపెనీలకు కావలసింది ఆర్డర్లు. 2024 అక్టోబర్లో స్టార్టప్‌ల కోసం వెయ్యి కోట్ల నిధికి కేబినెట్ ఒప్పుకుంది, సంతోషం. అయితే పెట్టుబడి పెట్టేవాడు వేరు, సరుకు కొనేవాడు వేరు. మా వైపు రొయ్యల చెరువు వేసిన ఎవర్నడిగినా ఆ తేడా చెబుతారు. స్పేస్ఎక్స్ మొదటి మూడు రాకెట్లూ పోయాయి. 2008 సెప్టెంబర్లో నాలుగోది కక్ష్యకు చేరింది. అదే ఏడాది డిసెంబర్లో నాసా పన్నెండు సరుకు ట్రిప్పులకు 1.6 బిలియన్ డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చింది. ఆ కంపెనీని నిలబెట్టింది ఆ కాంట్రాక్టే.

మన దగ్గర అలాంటి కొనుగోలుదారు లేక చేజారిన అవకాశం ఒకటుంది. బెంగళూరుకు చెందిన టీమ్‌ఇండస్ చంద్రుడి మీద దిగే ప్రైవేటు పోటీలో పాల్గొని, 2015లో ల్యాండింగ్ పరిజ్ఞానానికి పది లక్షల డాలర్ల బహుమతి తెచ్చుకుంది. పీఎస్ఎల్వీలో చోటు కూడా మాట్లాడుకుంది. చివరికి డబ్బు చాలక ఆ ప్రయాణమే ఆగిపోయింది. 2025 మార్చి 2న అమెరికాలో ఫైర్‌ఫ్లై అనే ప్రైవేటు కంపెనీ నాసా పరికరాలు పది మోసుకెళ్లి చంద్రుడి మీద సాఫీగా దిగింది. ల్యాండర్ కంపెనీదే, కానీ కిరాయి కట్టింది నాసా. ఇస్రో కూడా "మా పరికరం ఇదిగో, చంద్రుడి మీద దించితే ఇంత" అని టెండర్ పిలవొచ్చు కదా?

అసలు ఇస్రో చేతుల్లో ఏం మిగలాలి? 2024 సెప్టెంబర్ 18 నాటి కేబినెట్ నిర్ణయాలు నా డైరీలో రాసుకున్నాను. మనుషుల్ని పంపే గగన్‌యాన్, అంతరిక్ష కేంద్రం మొదటి విడత కలిపి 20,193 కోట్లు. కొత్త తరం రాకెట్‌కు 8,240 కోట్లు. చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు 2,104 కోట్లు. శుక్రుడికి 1,236 కోట్లు. మనుషులకూ రాకెట్‌కూ కలిపి 28 వేల కోట్లు దాటితే, కొత్త సంగతి తెలుసుకోవడానికి దక్కింది మూడు వేల చిల్లర. పెద్ద రాకెట్ వస్తే సైన్స్‌కూ పనికొస్తుందని నాకూ తెలుసు. కానీ రాకెట్ తయారీని హెచ్ఏఎల్, ఎల్ అండ్ టీ లాంటి కంపెనీలు చేపడుతున్నాయి. ఉపగ్రహాలు స్టార్టప్‌లు కడుతున్నాయి. శుక్రుడి మేఘాల్లో ఏముందో చూడ్డానికి మాత్రం ఏ ఇన్వెస్టరూ డబ్బు పెట్టడు, అందులో లాభం లేదు. ఆ పని ప్రభుత్వం చేయకపోతే ఇంకెవరూ చేయరు. ప్రైవేటు రాకతో ఇస్రోకు మిగిలే చేతులూ డబ్బూ అటు మళ్లుతాయా, లేక రాకెట్ల లెక్క పెంచడానికే పోతాయా? బడ్జెట్లో సైన్స్ మిషన్లకు ఇంత శాతం అని ముందే గీత గీసి పెట్టమని అడుగుతున్నాను. ఎంతన్నది మీ శాస్త్రవేత్తలు చెబుతారు.

చట్టానికి సమయం పడుతుంది, బడ్జెట్‌కు ఫిబ్రవరి రావాలి. నివేదికకు మాత్రం ఎవరి ఓటూ అక్కర్లేదు. దేశ భద్రతకు సంబంధించిన భాగాలుంటే వాటి మీద నల్లగీతలు కొట్టి, సీ61కూ సీ62కూ ఏమైందో రెండు పేజీల్లో బయటపెట్టండి. తెలుగులోకి నేను తిప్పుకుంటాను. మా స్కూల్ నోటీసు బోర్డులో పదో తరగతి టైమ్‌టేబుల్ పక్కన ఖాళీ ఉంది, అక్కడ అంటిస్తాను. ఆ అమ్మాయి రోజూ ఆ దారినే వెళ్తుంది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ మాస్టారు
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా