2030 మార్చి దాకా ఈ ఫైలు మూయకండి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసేది 2030 మార్చిలో. కరోనా అయిపోయిందని ఆసుపత్రులు, తిరుమల కొండమీద క్యూలు, పెళ్లి మండపాలు ఎప్పుడో తేల్చేశాయి. బడిలో మాత్రం అది ఏడాదికో తరగతి చొప్పున పైకి వస్తూనే ఉంది. ఆ పిల్లలు ఏ తరగతికి వస్తే ఆ తరగతి టీచరు, "ఈసారి బ్యాచ్ ఏంటో ఇలా ఉంది" అనుకుంటారు. మరుసటి ఏడాది ఆ మాట ఇంకో టీచరు అంటారు. ఆ పిల్లల గురించే ఈ లేఖ.

నేను తిరుపతిలో జీవకోన వైపు సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. బీఈడీ చదివాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొండకు జీపులు, ట్యాక్సీలు తోలేవాళ్ల పిల్లలు, లాడ్జీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మేవాళ్ల పిల్లలు ఎక్కువ. ప్రభుత్వ బడి వాళ్లూ ఉన్నారు, చిన్న ప్రైవేటు స్కూళ్ల వాళ్లూ ఉన్నారు. ఫలానా బడి మంచిది కాదని ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. రెండు రకాల బడుల్లోనూ ఒకే గొడవ.

బోర్డు మీద ఉన్నది చూసి నోట్సులోకి ముత్యాల్లా దించుతారు. దించింది చదవమంటే కూడబలుక్కుంటారు, వత్తు కనబడితే ఆగిపోతారు. హైస్కూలు పిల్లవాడు (a+b)² సూత్రం తడుముకోకుండా అప్పజెబుతాడు. 432ని 6తో భాగించమంటే పెన్ను కదలదు. వీళ్లు మొద్దులు కారు. ఫోన్లో ఏ సెట్టింగు ఎక్కడుందో మనకు చెప్పగలిగినవాళ్లే. చదవడం నేర్చుకోవాల్సిన వయసులో వాళ్లకు నేర్పే మనిషి ఎదురుగా లేడు, అంతే.

ఆ ఒకటో తరగతి బ్యాచ్‌నే తీసుకోండి. 2020 మార్చిలో బడులు మూశారు. 9, 10 తరగతులకు నవంబర్ 2న తెరిచారు. ఒకటో తరగతి పిల్లలు మొదటిసారి బెంచీ మీద కూర్చుంది 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20న మళ్లీ మూత. ఆగస్టు 16న తెరిచేసరికి వాళ్లు రెండో తరగతిలో ఉన్నారు. అంటే ఒకటో తరగతి మొత్తానికి రెండున్నర నెలలు. పైగా వాళ్ల చేతికిచ్చినవి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు. రెండు భాషలకూ అక్షరాలు దిద్దించేవాళ్లు లేరు. సరే, రెండో తరగతిలో కాస్త కుదురుకుంటున్నారు అనుకునేలోగా 2022లో జీవో 117 వచ్చింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు తరలించారు. అప్పుడు మూడో తరగతిలోకి వచ్చింది సరిగ్గా ఈ పిల్లలే. ఆ జీవోను 2025లో మీ ప్రభుత్వం రద్దు చేసింది, సంతోషం. కానీ అప్పటికి వీళ్లు ప్రైమరీ దాటిపోయారు. చదవడం, లెక్కలు చేయడం గట్టిగా నేర్పాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం గురి మూడో తరగతి లోపు పిల్లల మీద. అది ఊళ్లలో పుంజుకునేసరికి వీళ్లు ఆ గీత కూడా దాటేశారు. ఏ పథకం వచ్చినా వీళ్లు దానికి ఒక తరగతి ముందుంటున్నారు.

నా మాట నమ్మకపోయినా పర్వాలేదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే వాళ్లు మన రాష్ట్రంలో పల్లె పిల్లలను పరీక్షించారు. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 59.7 శాతం, 2022లో 36.3 శాతం. ఆ సర్వే పట్టణాల జోలికి రాదు కాబట్టి తిరుపతి పిల్లల లెక్క అందులో లేదు. ఆ 2022 నాటి ఐదో తరగతి పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో పెద్ద తరగతుల్లో ఉన్నారు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 2020 మార్చి 20న శ్రీవారి దర్శనాలు ఆపేశారు. జూన్ 11న భక్తులకు మళ్లీ మొదలయ్యాయి గానీ, రోజుకు 60, 70 వేల మంది వచ్చే కొండకు మొదట్లో ఆరేడు వేల మందినే అనుమతించారు. భక్తుడు రాకపోతే తిరుపతిలో పొయ్యి వెలగదు. జీపు ఫైనాన్సు కంతులు ఆగలేదు, ఇంటి బాడుగ ఆగలేదు. ఆన్‌లైన్ పాఠాలు ఏమయ్యాయో ఎవరూ సరిగా రాయలేదు, నేను చెబుతాను. బేరాలు లేని రోజుల్లో ఫోను ఇంట్లోనే ఉండేది, రీచార్జికి డబ్బులు ఉండేవి కావు. బేరాలు మొదలయ్యాక రీచార్జి ఉండేది, ఫోను నాన్నతోపాటు కొండెక్కేది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. పదో తరగతి వాళ్లకు అవి కొంత పనికొచ్చాయేమో. ఆరేళ్ల బిడ్డ టీవీ చూసి గుణింతాలు నేర్చుకోదు కదా! మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు పంపారు. అది మంచి పని, ఒప్పుకోవాలి. చాలా ఇళ్లలో ఆ గుడ్లే పిల్లలకు దక్కిన గట్టి తిండి.

చిన్న ప్రైవేటు స్కూళ్ల టీచర్ల గోడు వేరే. 2020-21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే వసూలు చేయమని ప్రభుత్వం జీవో ఇచ్చింది. తల్లిదండ్రులకు అది న్యాయమే. కానీ అది కూడా కట్టలేనివాళ్లున్నారు. చివరికి చాలాచోట్ల ఆగిపోయింది టీచర్ల జీతాలు. మాకు తెలిసిన తెలుగు మాస్టారు ఒకాయన కూరగాయల బండి పెట్టుకున్నారు. ఆయన మళ్లీ బడికి పోలేదు.

బడులు మూయడమే తప్పని నేను అనను. 2020 మార్చిలో ఎవరికీ ఏమీ తెలియదు. ఇక్కడే రుయా ఆసుపత్రిలో 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం వచ్చి 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ నెలల్లో భయం లేనివాళ్లు ఈ ఊళ్లో లేరు. నా అభ్యంతరం తెరిచిన వరుస మీద. మద్యం దుకాణాలు 2020 మే 4న తెరిచారు. గుడులు జూన్‌లో తెరిచారు. సినిమా హాళ్లకు సగం సీట్లతో అక్టోబర్ 15 నుంచి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఒకటో తరగతి గదికి ఫిబ్రవరి దాకా తాళం తీయలేదు. ఆ వరుస వేసినప్పుడు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఆరేళ్ల పిల్ల తరఫున మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని నా అనుమానం. పిల్లలకు ఓటు లేదు, వాళ్ల వల్ల ఖజానాకు ఆదాయమూ లేదు.

పెద్ద పిల్లలకు జరిగిన నష్టం ఇంకో రకం. 2020లోనూ 2021లోనూ పది పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాస్. 2021 ఇంటర్ వాళ్లకు పదో తరగతి మార్కుల నుంచి 30 శాతం, ఫస్టియర్ మార్కుల నుంచి 70 శాతం కలిపి లెక్క వేశారు. తర్వాత 2022లో పరీక్షలు మళ్లీ పెడితే పదిలో పాసైంది 67.26 శాతం. 2019లో అది 94.88. రెండింటినీ నేరుగా పోల్చకూడదు, 2019లో ఇంటర్నల్ మార్కులు ఉండేవి, తర్వాత తీసేశారు. అయినా అంత పెద్ద తేడా ఇంటర్నల్ మార్కులతోనే రాదు. ఆ ఏడాది ఫెయిలైన మగపిల్లల్లో కొందరు మెకానిక్ షెడ్లకు, టీ అంగళ్లకు పోయారు, కొందరు బెంగళూరు బస్సెక్కారు. పాలిటెక్నిక్, ఐటీఐ వాళ్లయితే లేత్ మిషన్‌ను వీడియోలో చూసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఇంటర్వ్యూలో వాళ్లు పాసైన సంవత్సరం చూసి "ఓ, కరోనా బ్యాచా" అని నవ్వేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే ఈ లేఖ సగమే. కరోనాకు ముందు, 2019లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు, రెండో వేవ్‌లో 20 మంది అన్నారు. పేదింటి తండ్రి ఆలోచన ఎలా ఉంటుందో ఊహించండి. మండపం లేదు, ఊరందరికీ భోజనాలు లేవు, ఖర్చు పదో వంతుకు వచ్చింది. బడి ఎప్పుడు తెరుస్తారో తెలియదు, ఉన్న పని పోయింది, పిల్ల ఇంట్లోనే ఉంది. మంచి సంబంధం వచ్చింది, కానిచ్చేద్దాం. మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వాళ్ల అమ్మమ్మ ఊరికి పోయి వచ్చేసరికి మెడలో పసుపుతాడు ఉంది. ఇప్పుడు ఆమెకు ఇద్దరు బిడ్డలు. మొన్న కనబడి, "అక్కా, నేను పది రాయొచ్చా ఇప్పుడు?" అని అడిగింది. ఓపెన్ స్కూల్ ఉందని చెప్పాను. ఫీజు, పుస్తకాలు, పరీక్ష సెంటరుకు రానుపోను ఖర్చు, అత్తగారి అనుమతి... ఆ లెక్క అంతా ఆమె నాకంటే ముందే వేసుకుని ఉంది.

తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలకు రాష్ట్రం 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది, కేంద్రం పీఎం కేర్స్ కింద ఇంకో పథకం పెట్టింది. మరి తండ్రి ఒక్కడే పోయి, తల్లి మిగిలిన ఇళ్లు? కరోనా మరణానికి ఇచ్చే 50 వేలు వచ్చాయి, వస్తే. మా ఊళ్లో అలాంటి ఇళ్లే ఎక్కువ. ఆ ఇళ్లలో పెద్ద కొడుకు చదువు ఆ ఏడాదితోనే ఆగింది.

ఇక నాలాంటి వాళ్లం. 2018 తర్వాత టీచరు ఉద్యోగాల డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో, 16,347 పోస్టులతో. ఈ మధ్య కాలమంతా కరోనా వల్లే పోయిందని అనను, అలా అంటే అబద్ధం. వయోపరిమితి పెంచారు, అది మంచిదే. కానీ పెంచిన వయసు ఉద్యోగానికి దరఖాస్తు చేయడానికి పనికొస్తుంది గానీ, పోయిన జీతాన్ని తెచ్చివ్వదు. సైన్యంలో చేరాలని పొద్దున్నే లేచి పరుగులు తీసిన కుర్రవాళ్లదీ అదే కథ. రెండేళ్లు ర్యాలీలు లేవు. 2022లో అగ్నిపథ్ తెచ్చి ఆ ఒక్కసారికి 23 ఏళ్ల దాకా అన్నారు. అది మీ చేతిలో లేదు, తెలుసు.

మీ చేతిలో ఉన్నది అడుగుతాను. ఆరు నుంచి పది దాకా ప్రతి బిడ్డనూ విడిగా కూర్చోబెట్టి రెండో తరగతి వాచకంలో ఒక పేరా చదివించండి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. బిడ్డకు పది నిమిషాలు చాలు. ఆ ఫలితం చూసి ఏ టీచరుకూ మెమో ఇవ్వబోమని ముందే రాతపూర్వకంగా చెప్పండి. మెమో భయం ఉంటే మొదటి రోజే రాష్ట్రంలో అందరికీ చదవడం వచ్చేస్తుంది! దీనికోసం ఇంకో యాప్ మాత్రం పెట్టకండి, దండం పెడతాను.

చదవడం రాని పిల్లలు ఎంతమందో తేలాక, తరగతితో సంబంధం లేకుండా రోజుకు ఒక పీరియడు వాళ్లకు కేటాయించండి. ఇక్కడ ఒక చిక్కుంది. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారికి గుణింతాలు ఎలా నేర్పాలో శిక్షణ ఇవ్వలేదు, అది ప్రైమరీ తరగతులకు చెప్పే ఎస్‌జీటీల విద్య. కాబట్టి ఆ పీరియడుకు ఎస్‌జీటీనే పంపాలి. మనుషులు చాలకపోతే డీఈడీ, బీఈడీ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. విద్యా వాలంటీర్లుగా పెట్టుకోండి, గౌరవ వేతనం నెల నెలా ఇవ్వండి. పదో తరగతికి పెట్టే వంద రోజుల ప్రణాళిక దీనికి బదులు కాదు. అది 35 మార్కులు వచ్చే ప్రశ్నలు ఏరి బట్టీ పట్టిస్తుంది. పిల్ల పాసవుతుంది, ఇంటర్ మొదటి నెలలో మళ్లీ అక్కడే ఆగిపోతుంది.

మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లో తల్లిదండ్రులకు ప్రోగ్రెస్ కార్డు చూపిస్తున్నారు. అందులో గ్రేడ్లు ఉంటాయి. "మీ బిడ్డకు చదవడం రావడం లేదు, ఇదీ మేం చేయబోయేది" అని పక్కకు పిలిచి చెప్పమనండి. అందరి ముందు వద్దు, ఇప్పటికే ఆ పిల్లలు సిగ్గుతో చచ్చిపోతున్నారు.

2020 నుంచి 2022 మధ్య హాజరు పట్టీలో పేరు పోయినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఫీజు పూర్తిగా తీసేయండి. పెళ్లయిన ఆడపిల్లలకు పరీక్ష సెంటరు వాళ్ల మండలంలోనే ఇవ్వండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాత చిత్తూరు పిల్లల రికార్డులు చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య పంచుకుపోయాయి. పేరు పోయిన బిడ్డను ఏ జిల్లా వాళ్లు వెతకాలో ముందు తేల్చండి.

రేపు ఇంకో రోగం వస్తే ఏది ముందు మూయాలి, ఏది ముందు తెరవాలి అన్నది ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే, కాగితం మీద పెట్టండి. అందులో ఒకటో తరగతిని బార్ల కంటే పైన రాయండి.

వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడులు తెరుస్తారు. మొదటి వారం ఎలాగూ పుస్తకాలు, యూనిఫాం పంచడంతోనే గడుస్తుంది. ఆ పది నిమిషాల చదివింపు ఆ వారంలోనే పెట్టొచ్చు. ఆ వచ్చిన లెక్కను మండలాల వారీగా, తరగతుల వారీగా బయటపెట్టండి. ఎంత చెడ్డగా ఉన్నా సరే.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
తిరుపతి