కుట్లు వేసే ముందు గ్లవ్స్ మార్చండి: బర్మింగ్‌హామ్ నుంచి చెల్లికి ఉత్తరం

బర్మింగ్‌హామ్

చిట్టీ,

ఇక్కడ మేమంతా బాగున్నాం. పిల్లలకు జలుబులు తగ్గాయి. మీ బావకి ఈ వారం నైట్ డ్యూటీలు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సగం చెప్పేలోపే మీ ఓటీ (ఆపరేషన్ థియేటర్) నుంచి పిలుపొచ్చి వెళ్లిపోయావు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే అసలు సంగతి ఎటో పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కావాలంటే మీ డాక్టరుగారికీ చూపించు.

"పొట్ట ఆపరేషన్లో కుట్లు వేసే ముందు అందరూ గ్లవ్స్ మార్చుకోవాలట, పరికరాలు కూడా వేరే సెట్టు తీసుకోవాలట. నిజంగా లాభం ఉందా అక్కా, లేక పెద్ద పెద్ద ఆసుపత్రుల గొప్పలా?" అన్నావు. లాభం ఉంది. పైగా ఆ విషయం తేలింది పెద్ద ఆసుపత్రుల్లో కాదు, మీ ఆసుపత్రి లాంటి చోట్లే.

చీతా అని ఒక ట్రయల్, అంటే రెండు పద్ధతుల్ని రోగుల మీద పోల్చి చూసే పరీక్ష, జరిగింది. నేనుంటున్న ఈ ఊరి యూనివర్సిటీ వాళ్లు మిగతా దేశాల సర్జన్లతో కలిసి నడిపారు. 2020 జూన్ నుంచి 2022 మార్చి వరకు, అంటే కోవిడ్ నడుస్తున్న రోజుల్లోనే. బెనిన్, ఘానా, ఇండియా, మెక్సికో, నైజీరియా, రువాండా, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల్లో 81 ఆసుపత్రులు పాల్గొన్నాయి. మన దేశంలో ఈ పనులకి లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కేంద్రంగా ఉంది. మొత్తం 13,301 మంది రోగులు, పిల్లలతో సహా. అందరికీ పొట్ట మీద కనీసం 5 సెంటీమీటర్ల కోత పడ్డ ఆపరేషన్లే. పేగు తెరిచినవీ, లోపల చీము ఉన్నవీ కూడా అందులో ఉన్నాయి.

ఎవరికి కొత్త పద్ధతి, ఎవరికి పాత పద్ధతి అన్నది రోగుల వారీగా కాకుండా ఆసుపత్రుల వారీగా చీటీలు వేసినట్టు తేల్చారు. అలా ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ఒకే ఓటీలో పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఇంకో రకంగా చేయమంటే మన చేతులకి అలవాటైన పనే వచ్చేస్తుంది. తేడా ఏమిటో తెలియకుండా పోతుంది. కొత్త పద్ధతి వచ్చిన ఆసుపత్రుల్లో నూటికి 98 మందికి గ్లవ్స్, పరికరాలు మార్చారు. పాత పద్ధతి వచ్చినచోట అలా మార్చింది నూటికి ఒక్కరికి కూడా లేదు. అంటే ఎవరూ చెప్పకపోతే ఈ పని ఎవరూ చేయడం లేదన్నమాట.

30 రోజుల తర్వాత చూస్తే, పాత పద్ధతిలో నూటికి 18.9 మందికి గాయం ఇన్ఫెక్షన్ అయింది. కొత్త పద్ధతిలో 16 మందికి. ఈ ఫలితం 2022 నవంబర్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ పేపర్ ప్రింట్ తీసి ఈ కవర్లోనే పెడుతున్నాను.

"ఇంతా చేసి నూటికి ముగ్గురేనా?" అని మీ డాక్టరుగారు అనొచ్చు. చీము పట్టే ప్రతి ఎనిమిది గాయాల్లో ఒకటి అసలు పట్టకుండానే పోయిందని చెప్పు. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. ఓటీలో ఉన్న వస్తువులతోనే ఇది జరిగింది.

ఎందుకు పనిచేస్తుందో ఆలోచిస్తే అర్థమవుతుంది. గంటా రెండు గంటలు పేగుల్లో పనిచేసిన చేతులు అవి. గ్లవ్స్‌కి కంటికి కనపడని చిల్లులు పడి ఉండొచ్చు. పేగులోని క్రిములు వాటికి అంటి ఉంటాయి. అవే గ్లవ్స్‌తో, సూది పట్టుకునే అదే నీడిల్ హోల్డర్‌తో చర్మం దాకా కుట్టుకుంటూ వస్తాం. గ్లవ్స్ మార్చడం వల్ల ఎంత, పరికరాలు మార్చడం వల్ల ఎంత అని విడగొట్టి మాత్రం ఈ ట్రయల్ చెప్పదు. రెండూ కలిపే చేశారు. కాబట్టి ఒకటి చేసి ఒకటి మానేస్తే అదే ఫలితం వస్తుందని ఎవరికీ చెప్పకు.

చేయడం కష్టమేమీ కాదు. ట్రాలీ వేసేటప్పుడే కుట్లకి కావలసినవి, నీడిల్ హోల్డర్, టూత్ ఫోర్సెప్స్ (పళ్లున్న పట్టకారు), కత్తెర, రెండు ఆర్టరీ ఫోర్సెప్స్, ఒక చిన్న ప్యాక్‌గా విడిగా ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేయించి పెట్టు. లోపల కడగడం అయ్యాక, మాప్ (రక్తం తుడిచే గుడ్డల) లెక్క సరిపోయాక, పొట్ట గోడ మూయబోయే ముందు ఆ ప్యాక్ తెరువు. స్క్రబ్ అయిన, అంటే చేతులు కడిగి ఆపరేషన్‌లో నిలబడ్డ ప్రతివాళ్లూ గ్లవ్స్ మార్చాలి, సర్జన్ ఒక్కరే కాదు. మాప్ లెక్క చెప్పేటప్పుడే "గ్లవ్స్ మార్చుదాం సార్" అని నువ్వే అనెయ్. సర్జన్ గుర్తుపెట్టుకుంటారులే అని వదిలేస్తే పని జరగదు. ఓటీలో ఇలాంటివి నిలబడేది సిస్టర్ల వల్లే. ఇది ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

ఖర్చు సంగతి కూడా అడిగావు కదా. దానికి ఇంకో ట్రయల్ చెప్పాలి. దాని పేరు ఫాల్కన్. అదే ఏడు దేశాలు, 54 ఆసుపత్రులు, 5,788 మంది. రెండు విషయాలు పరీక్షించారు. ఒకటి, చర్మం శుభ్రం చేయడానికి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ మంచిదా, మనం రోజూ వాడే పావిడోన్ అయోడిన్ మంచిదా? రెండోది, ట్రైక్లోసాన్ మందు పూసిన ఖరీదైన కుట్టు దారం మంచిదా, మామూలు దారం మంచిదా? అప్పటికి పెద్ద పెద్ద సంస్థల సూచనల్లో ఖరీదైన వాటినే వాడమని ఉండేది. తీరా చూస్తే రెండింటిలోనూ తేడా లేదు. 2021లో వచ్చింది ఈ ఫలితం.

నాకు ఇలాంటి "తేడా లేదు" అన్న ఫలితాలంటే చాలా గౌరవం చిట్టీ. కంపెనీ మనిషి వచ్చి కొత్త దారం శాంపిల్ చూపించినప్పుడు, దాని తేడా డబ్బు రోగి ఇంటివాళ్లే కట్టాలి కదా. ఆ డబ్బు మిగిలితే గ్లవ్స్‌కి పనికొస్తుంది. ఇక్కడ బ్రిటన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. కోత అంచులకి అడ్డంగా ప్లాస్టిక్ రింగు తొడిగితే ఇన్ఫెక్షన్ తగ్గుతుందని చాలామంది నమ్మేవారు. రోసిని అనే ట్రయల్లో 21 ఆసుపత్రుల్లో 760 మంది మీద చూశారు. రింగు ఉన్నవాళ్లలో 24.7 శాతం, లేనివాళ్లలో 25.4 శాతం. ఏమీ తేడా లేదు. ఆ ట్రయల్‌ని ముందుకు నడిపినవాళ్లలో ఈ బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ట్రైనీ సర్జన్లు ఉన్నారు. ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు, తమ డ్యూటీలు చేసుకుంటూనే, తలా కొంత లెక్క రాసి ఇంత పెద్ద ప్రశ్నకి జవాబు తెచ్చారు. మన హౌస్ సర్జన్లకి ఎవరైనా దారి చూపిస్తే వాళ్లూ చేయగలరు.

ఇంకోటి గమనించావా? బ్రిటన్‌లో కూడా నాలుగోవంతు మందికి ఇన్ఫెక్షన్! ఇక్కడంతా బాగుంటుందని మనవాళ్లు అనుకుంటారు. ఆ ట్రయల్లో అంత ఎక్కువ కనిపించడానికి ఒక కారణం, ఒక్కో గాయాన్నీ 30 రోజులు వెంటపడి చూడటం. వెతికితేనే దొరుకుతుంది.

ఇప్పుడు నా పని అదే. మా ఆసుపత్రిలో రీసెర్చ్ నర్సుగా నా టైమ్ ఎక్కువగా ఫోన్ మీదే గడుస్తుంది. ఆపరేషన్ అయి నెల అయినవాళ్లకి ఫోన్ చేసి గాయం గురించి అడుగుతాను. మొన్న ఒక పెద్దాయన "అంతా బాగుందమ్మా, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు. అక్కడితో పెట్టేసి ఉంటే ఆయన పేరు మంచి లెక్కలోకి వెళ్లేది. మా ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ వరసగా అడగాలి కాబట్టి అడిగాను. ఎర్రబడిందా? వేడిగా ఉందా? కుట్ల దగ్గర విచ్చుకుందా? రసి కారి బట్టలు తడుస్తున్నాయా? ఆ చివరిదానికి ఆయన "తడుస్తుంది, రోజుకి రెండు బనియన్లు మారుస్తున్నాను, అది మామూలే కదా" అన్నాడు. ఆ సాయంత్రమే పిలిపించి చూస్తే కుట్ల కింద చీము ఉంది. ఈ ప్రశ్నలు బ్రిస్టల్‌లో తయారైన బ్లూబెల్ అనే ప్రశ్నావళిలోవి. రోగి తనంతట తాను జవాబు చెప్పేలా మామూలు మాటల్లో ఉంటాయి. తెలుగులో అడగడానికి నీకు నేను రాసి పంపుతాను.

అమ్మ సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వప్పుడు ఇంటర్. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక కుట్లకి చీము పట్టి, వారాల తరబడి డ్రెస్సింగులకి ఆటోలో తిప్పాం. ఆ ఆసుపత్రిలో ఒక్కరూ ఎందుకిలా అయిందో చెప్పలేదు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ మాత్రం "పప్పు తిన్నావా? వంకాయ తిన్నావా? అందుకే చీము" అన్నారు. అమ్మ నిజంగానే తన తప్పే అనుకుంది. చారన్నం, మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టకుండా చిక్కిపోయింది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు తినాల్సిన రోజులవి! పప్పు వల్ల చీము పట్టదు. క్రిములు లోపలికి వెళితే పడుతుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. చీము పడితే తప్పు రోగిదే అనుకునేచోట ఎవరు లెక్క రాస్తారు, ఎవరు గ్లవ్స్ మారుస్తారు? మీ వార్డులో డిశ్చార్జి రోజున పప్పు, గుడ్డు తినమని నువ్వు ఇంటివాళ్లకి గట్టిగా చెప్పు. అత్తగారు పక్కనుంటే ఆవిడకే ముందు చెప్పు.

దేశదేశానికీ ఈ తేడా ఎంత ఉందో కూడా లెక్క ఉంది. 2016లో 66 దేశాల ఆసుపత్రుల నుంచి పొట్ట, పేగుల ఆపరేషన్లు అయిన 12,539 మంది వివరాలు తీశారు. అభివృద్ధిలో పైనున్న దేశాల్లో 9.4 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ అయితే, మధ్యలో ఉన్నచోట 14, అడుగున ఉన్నచోట 23.2. అడుగున ఉన్న దేశాల్లో పరీక్షకి పంపిన ఇన్ఫెక్షన్లలో మూడోవంతుకి పైగా, ఆపరేషన్‌కి ముందు ఇచ్చిన యాంటీబయాటిక్‌కి లొంగని క్రిములవే. కాబట్టి "ఇంకో ఐదు రోజులు ఇంజెక్షన్లు పొడిగిద్దాం" అనేది ప్రతిసారీ దారి కాదు. చీము పట్టకుండా చూసుకోవడమే దారి.

మీ డాక్టరుగారితో ఒకేసారి అన్నీ పెట్టుకోవద్దు. ముందు ఒక నోట్‌బుక్ తీసుకో. పొట్ట ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరి పేరు, ఫోన్ నంబరు, తేదీ. 30వ రోజున ఫోన్. ఇప్పుడున్న పద్ధతిలో ఎంతమందికి చీము పడుతోందో మూడు నెలలు రాయి. ఆయనకి ఆ నంబరు చూపించు, తర్వాత గ్లవ్స్ మాట ఎత్తు. ఆయన మంచివారని నువ్వే అన్నావు. తన రోగుల లెక్క కళ్లముందుంటే కాదనరు. చీటీలు వేయకుండా ముందూ వెనకా పోల్చి చూస్తే అది పూర్తి రుజువు కాదు, నిజమే. రుజువు చీతా ఇచ్చింది. మీ నోట్‌బుక్ మీరు దాన్ని సరిగ్గా పాటిస్తున్నారో లేదో చెబుతుంది.

ఇక నాన్న హెర్నియా. పొలంలో కోతలయ్యేదాకా ఆపరేషన్ ఆగొచ్చా అని అడుగుతున్నారట, టెన్షన్ పడుతున్నారట. నొప్పి పెద్దగా లేని మగవాళ్లు 720 మంది మీద ఉత్తర అమెరికాలో చేసిన ట్రయల్ 2006లో వచ్చింది. ఆగినవాళ్లకి అత్యవసరం రావడం చాలా అరుదు, ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి కూడా లేదు. అయితే పదేళ్లలో మూడింట రెండొంతుల మంది ఆపరేషన్‌కి వచ్చారు, ఎక్కువమంది నొప్పి వల్లే. 65 దాటినవాళ్లలో అయితే 79 శాతం. అంటే కోతల దాకా ఆగొచ్చు, ఎప్పటికీ వద్దనుకోవడం మాత్రం కుదరకపోవచ్చు. గడ్డ గట్టిపడి లోపలికి వెళ్లకపోయినా, నొప్పితో వాంతులైనా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది తమ్ముడికి రెండుసార్లు చెప్పు. హెర్నియా ఆపరేషన్లో లోపల పెట్టే వల (మెష్) ఖరీదు గురించి కూడా బెంగ వద్దను. మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ టోంగావ్‌కర్ గారు ఎప్పుడో దోమతెర గుడ్డని శుభ్రం చేసి హెర్నియాకి వాడి చూపించారు. అలాంటి చవక వలని ఉగాండాలో 302 మంది మీద ఖరీదైనదానితో పోల్చితే, ఏడాది తర్వాత చవకదానిలో ఒక్కరికి తిరగబెట్టింది, రెండోదానిలో ఎవరికీ లేదు. అంత దగ్గరగా ఉంది. మీ డాక్టరుగారు ఏ వల వాడతారో, ఎంతవుతుందో నువ్వే అడిగి నాకు చెప్పు. డబ్బు నేను పంపుతాను.

ఆదివారం నీకు డ్యూటీ లేకపోతే మీ సాయంత్రం పూట ఫోన్ చేస్తాను. అప్పటికి ఈ పేపర్లో రెండో టేబుల్ ఒకసారి చూసి ఉంచు, కలిసి చదువుదాం. తెలుగు ప్రశ్నలు అప్పటికి సిద్ధం చేస్తాను. ఏ మాట మన ఊరివాళ్లకి అర్థం కాదో నువ్వే దిద్దాలి. మరిదిగారిని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ అక్క