పాంపేలో జనం లేకుండా జరిగిన కచేరీ, మన అనుపులో జరగాల్సిన కచేరీ

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి పాంపే కచేరీ సినిమా మీద వచ్చిన వ్యాసం చదివాను. 1972 నాటి ఆ సినిమాను బాగుచేసి 2025లో మళ్లీ విడుదల చేసిన సంగతి చెప్పి, జనం లేని కచేరీకి ప్రాణం ఉండదనీ, లాక్‌డౌన్ రోజుల్లో ఫోన్లలో చూసిన కచేరీలకు ఇదే మొదలనీ ముగించారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మాచర్లలో మైక్‌సెట్ షాపు నాది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, పార్టీ మీటింగులు, హరికథలు, వయసంతా ఆ వైర్ల మధ్యే గడిచింది. జనం ముందు మనిషి ఎలా వాయిస్తాడో, పొద్దున్నే పందిట్లో ఎవరూ లేనప్పుడు అదే మనిషి ఎలా వాయిస్తాడో రెండూ దగ్గరుండి విన్నవాణ్ని. అందుకే ఈ ఉత్తరం.

ఈ సినిమా తీసిన ఏడ్రియన్ మేబెన్ 1971 వేసవిలో ఇటలీ వెళ్లి పాంపే శిథిలాలు చూశాడు. అక్కడ ఏదో పోగొట్టుకుని, వెతుక్కుంటూ సాయంత్రం మళ్లీ వెనక్కి వెళ్తే ఆ పాత రంగస్థలం ఖాళీగా, చీకటి పడుతూ, నిశ్శబ్దంగా కనిపించిందట. అప్పటికి కచేరీ సినిమా అంటే, అమెరికాలో లక్షల జనం మధ్య జరిగిన కచేరీ మీద తీసిన వుడ్‌స్టాక్ లాంటిదే. సగం సేపు స్టేజీ, సగం సేపు జనం. మేబెన్ సరిగ్గా దానికి ఎదురు తిరిగాడు. జనం అస్సలు ఉండకూడదు, వాయించేవాళ్లు, వాళ్ల సామాను, ఆ రాళ్లు, అంతే అనుకున్నాడు. నేపుల్స్ విశ్వవిద్యాలయంలోని ఒక ప్రొఫెసర్ సాయంతో అధికారుల దగ్గర అనుమతి సంపాదించి, ఆ అక్టోబరులోనే షూటింగ్ పెట్టుకున్నాడు.

మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో నా బోటి వాడు చెప్పకుండానే ఊహించగలడు. కరెంటు. లండన్ నుంచి లారీలో వచ్చిన ఆ సామాను మొత్తానికి అక్కడి కరెంటు చాల్లేదు. అద్దెకు తీసుకున్న కొద్ది రోజుల్లో సగం దానికే పోయాయి. చివరికి ఊళ్లోంచి వీధుల వెంట పొడవాటి కేబుల్ లాక్కొచ్చి పని నడిపించారు. కోటప్పకొండ తిరునాళ్లకు కరెంటు ప్రభ కట్టి, అర్ధరాత్రి వోల్టేజీ పడిపోయినప్పుడు జనరేటరు దగ్గర నిలబడ్డ వాళ్లకు ఆ టెన్షన్ ఏమిటో తెలుసు. తెర మీద ఆ టెన్షన్ ఎక్కడా కనపడదు. కానీ ఆ కథ తెలిశాక మళ్లీ చూస్తే, మొదటి నోటు మోగినప్పుడు ప్రాణం లేచి వస్తుంది.

ఆ మొదటి నోటు గురించి కాస్త చెప్పాలి. 'ఎకోస్' అనే పాట అలా మొదలవుతుంది. రికార్డు మీద ఇరవై మూడు నిమిషాల పాట అది. సినిమాలో రెండు ముక్కలు చేసి ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో పెట్టారు. షూటింగ్ నాటికి ఆ పాట ఉన్న రికార్డు ఇంకా మార్కెట్లోకే రాలేదు. బృందంలోని రిచర్డ్ రైట్ పియానో మీద ఒకే ఒక్క మెట్టు నొక్కుతాడు. ఆ శబ్దాన్ని లెస్లీ స్పీకర్లోంచి పంపారు. దాని లోపల హారన్ గిరగిరా తిరుగుతుంది. అందుకే ఆ 'టింగ్' అనే శబ్దం నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వణుకుతూ వస్తుంది. కెమెరా చాలా దూరం నుంచి, ఏ తొందరా లేకుండా, ఆ పెద్ద గుండ్రటి బరి మధ్యలో ఉన్న నలుగురి వైపు మెల్లగా జరుగుతుంది. ఈ రోజుల్లో ఏ ఎడిటరూ అంతసేపు ఆగడు.

ఇంకో సంగతి. ముందే రికార్డు చేసిన పాటకు పెదాలు కదిపి, చేతులు ఆడించి వెళ్లిపోవచ్చు కదా, ఎవరూ చూడరు కూడా. వాళ్లు ఒప్పుకోలేదు. వాయిస్తే నిజంగానే వాయిస్తాం అన్నారు. కచేరీకి వాడే మొత్తం సామానూ తెప్పించింది అందుకే. ఒక చోట కెమెరా వాళ్ల వెనక నుంచి పక్కకు జరుగుతూ పోతుంది. యాంప్లిఫయర్ల వీపులు, నల్ల పెట్టెలు, వాటి మీద 'పింక్ ఫ్లాయిడ్ లండన్' అని అచ్చు కొట్టిన తెల్ల అక్షరాలు, నేల మీద పాములా పడి ఉన్న వైర్లు కనిపిస్తాయి. స్టేజీ వెనక భాగాన్ని ఇంత గౌరవంగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. మా అమ్మాయి కొనిచ్చిన డిస్కులో ఆ ఒక్క ముక్కే ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో.

వ్యాసం రాసినవారు ప్రాణం లేదన్నారు. 'వన్ ఆఫ్ దీజ్ డేస్' చూడమనండి. నిక్ మేసన్ డ్రమ్ములు వాయిస్తుంటే మధ్యలో చేతిలోంచి పుల్ల జారిపోతుంది. ఇంకో పుల్ల అందుకుని అదే ఊపులో వాయిస్తూ పోతాడు, తాళం ఎక్కడా కుంటుపడదు. ఆ పాట దాదాపు మొత్తం మేసన్ మీదే ఉంటుంది, ఎందుకంటే మిగతా వాళ్లను తీసిన రీళ్లు పోయాయి. పోతే పోయాయి, దాని వల్ల మనకు ఒక మనిషి పని చేయడాన్ని మొదటి నుంచి చివరి దాకా చూసే అవకాశం దొరికింది. పుల్ల జారిన ముక్కను కత్తిరించకుండా ఉంచారు చూడండి, అందుకు వాళ్లకు దండం పెట్టాలి. 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్'లో ఎండకు ఎదురుగా నిలబడి రోజర్ వాటర్స్ పెద్ద కంచు గంటను బాదుతుంటాడు. డేవిడ్ గిల్మోర్ నేల మీద కూర్చుని గిటార్ తీగల మీద లోహపు ముక్క జారుస్తూ వింత శబ్దాలు లాగుతుంటాడు. ఎవరూ ఎవరి వైపూ చెయ్యి ఊపరు. ఎవరి కోసమూ నవ్వరు. చెవులన్నీ పక్కవాడి మీదే. జనం ఉంటే చెవి సగం జనం వైపు పోతుంది, ఎంత పెద్ద విద్వాంసుడికైనా సరే. ఇది నేను పందిళ్లలో చూసిన సంగతి.

సినిమాలో ఉన్నదంతా పాంపేలో తీసింది కాదని కూడా చెప్పాలి. అక్కడ తీసినవి మూడే, పైన చెప్పిన పాటలు. మిగతావి తర్వాత పారిస్ స్టూడియోలో తీసి కలిపారు. కుక్క చేత అరిపించిన పాట అందులోదే, అది నాకు నచ్చలేదు. ఆ బృందం లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో రికార్డింగ్ చేసుకుంటున్న దృశ్యాలు కూడా తర్వాత చేర్చారు. వాటి విలువ వాటికుంది. ఈసారి అసలు 35 ఎంఎం నెగటివ్ అయిదు డబ్బాల్లో దొరికిందట, దాన్నుంచే బొమ్మను 4కె అనే ఎక్కువ స్పష్టతలో శుభ్రం చేశారు. శబ్దాన్ని సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేశాడు. పాత కాపీల్లో ముద్దగా వినపడిన బేస్ గిటార్ ఇప్పుడు విడిగా, గుండ్రంగా వినిపిస్తోంది. రిచర్డ్ రైట్ 2008లో చనిపోయాడు. 'ఎకోస్'లో ఆయన గొంతూ గిల్మోర్ గొంతూ కలిసిపోయే చోటు ఉంది కదా, అది ఇక ఏ స్టేజీ మీదా వినపడదు. రికార్డు చేసి ఉంచారు కాబట్టి మిగిలింది.

జనం లేకపోవడం ఆ స్థలానికి కొత్త కూడా కాదు. సుమారు క్రీ.పూ. 70లో కట్టిన ఆ బరిలో ఇరవై వేల మంది పట్టేవారు. క్రీ.శ. 59లో ఆటలు చూడ్డానికి వచ్చిన పాంపే వాళ్లూ పొరుగూరు నుకేరియా వాళ్లూ కొట్టుకుని ప్రాణాలు పోతే, రోమ్ సెనేట్ పదేళ్లు అక్కడ ఆటలు నిషేధించింది. క్రీ.శ. 79లో వెసూవియస్ కొండ పేలి ఊరినే పూడ్చేసింది. 1971లో ఆ నలుగురూ వాయించినప్పుడు విన్నది షూటింగ్ వాళ్లు, ఎలాగో లోపలికి దూరిన కొందరు ఊరి పిల్లలు. 2016లో గిల్మోర్ మళ్లీ అక్కడికి వెళ్లి టిక్కెట్లు కొన్న జనం ముందు, లైట్ల మధ్య వాయించాడు. అదీ చూశాను, బాగానే ఉంది. కానీ అందులో రాళ్లు వెనక కర్టెన్‌లా ఉన్నాయి. మొదటి దాంట్లో రాళ్లు కూడా వింటున్నాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మాకు అరగంట దూరంలో అనుపు ఉంది. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునగక ముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల కాలం నాటి రంగస్థలం బయటపడింది. దాన్ని తరలించి అనుపులో మళ్లీ కట్టి నిలబెట్టారు. మధ్యలో బరి, చుట్టూ మెట్లు. అసలు చోటు నీళ్ల కింద ఉంది. మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు బరి మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఆ శబ్దం మెట్లకు తగిలి ఎలా వెనక్కి వస్తుందో మీ విలేకరిని పంపి వినమనండి. మైకు అక్కర్లేదు.

కారంపూడిలో కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీరవిద్యావంతులు కత్తి పట్టి పల్నాటి వీరచరిత్ర పాడతారు. ఆ పాటను నేను మా ఇంట్లో వాళ్ల గొంతంత బాగా ఎరుగుదును, ఎందుకంటే అది నా హారన్లలోంచే పోయింది. కానీ అది పూర్తిగా వినపడేదెప్పుడు? పక్కన రంగులరాట్నం, అవతల ఇంకో మైకు, ముందు పోలీసు అనౌన్స్‌మెంటు. కమిటీ వాళ్లు ఒకటే మాట, సౌండ్ పెంచు. ఆమధ్య ఒక టీవీ వాళ్లు వచ్చి ఒక పెద్దాయన చేత పాడించారు. కథ అందుకునే లోపే చాలన్నారు. తర్వాత చూస్తే ఆ పాట మీద సినిమా మ్యూజిక్ కలిపి అరనిమిషం వేశారు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన పాడిన బాలచంద్రుడి యుద్ధం మొత్తంగా ఎక్కడా లేదు, నా దగ్గర కూడా.

అందుకని పర్యాటక శాఖ వారికీ, పురావస్తు శాఖ వారికీ మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఇప్పుడు పాడుతున్న వాళ్లలో పెద్దవాళ్లు ఉండగానే, వాళ్లను అనుపు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. జనం వద్దు, స్టేజీ వద్దు, దండలు వద్దు, ముఖ్య అతిథి వద్దు. పాత కట్టడానికి ఒక్క మేకు కొట్టక్కర్లేదు, ఒక్క ఇటుక కదపక్కర్లేదు. వేల మందిని పిలిచి పండగ చేస్తే ఆ మెట్లకే ముప్పు. పది మంది వెళ్తే ఏ ముప్పూ ఉండదు. పాడేవాళ్లు అలిసినప్పుడు ఆపనివ్వండి, మళ్లీ అందుకున్నప్పుడు మళ్లీ తిప్పండి. తప్పు పాడి సరిదిద్దుకుంటే అది కూడా ఉంచండి. కెమెరా ముఖాల మీద, చేతుల మీద ఆగనివ్వండి. తర్వాత ఎవరైనా ఉచితంగా వినేలా పెట్టండి. పాడిన వాళ్లకు మాత్రం మంచి పారితోషికం ఇవ్వాలి, శాలువాతో సరిపెట్టకూడదు.

జనరేటరు పెడితే ఆ మోత రికార్డింగులో పడుతుంది కాబట్టి బ్యాటరీల మీద నడపాలి. ఆ లెక్క నేను చూసుకుంటాను. మైకులు, స్టాండ్లు, కేబుళ్లు, మా కుర్రాళ్లిద్దరు, నేను. కిరాయి ఒక్క పైసా వద్దు. పెళ్లిళ్ల సీజన్ కాకుండా ఏ నెల చెప్పినా వస్తాం, వారం ముందు చెబితే చాలు.

ఇట్లు,
ఒక మైక్‌సెట్ యజమాని,
మాచర్ల, పల్నాడు జిల్లా